ఎర్రవి చివర

హార్డ్ డ్రైవ్ చచ్చిపోయేలా ఉందంటే మొట్టమొదట చెయ్యాల్సిన పని టీ చెప్పడం. ఆ ల్యాబులో పదిహేనేళ్ళుగా అదే పద్ధతి. విశాఖపట్నం సీతమ్మధార వెనక సందులో, రెండో అంతస్తులో, నాలుగు బల్లలూ ఒక చిన్న ఫ్రిజ్జూ గోడకో తెల్లబోర్డూ ఉన్న చోటు అది. పాడైన డ్రైవుల్లోంచి జనం పోగొట్టుకున్న పెళ్ళి ఫోటోలూ, పరిశోధన పత్రాలూ బయటికి లాగడం వాళ్ళ పని. లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు చేసే డ్రైవుని వాళ్ళు పేషెంట్ అంటారు. పేషెంట్ రాగానే టీ వస్తుంది, టీతోపాటు జోకులు వస్తాయి.

"వేడి చేసినట్టుంది, మజ్జిగ పట్టించండి."

"దిష్టి తగిలిందేమో. నిమ్మకాయ కట్టి చూద్దాం."

"ఓసారి ఆపి మళ్ళీ ఆన్ చేశారా?"

"ఫ్రిజ్జులో పెరుగు డబ్బా పక్కన పెట్టండి సార్, తోడుకుంటుంది."

ఈ ఆఖరిదాంట్లో కొంచెం నిజముంది. చలికి లోహం వెంట్రుకవాసి ముడుచుకుని, లోపల తిరిగే పళ్ళేన్ని చదివే ముల్లు ఇరుక్కుని ఉంటే ఒక్కోసారి వదులవుతుంది. పాతకాలం వాళ్ళు అలాగే చేసేవారట. పేషెంట్ ఏం చేసినా దక్కకపోతే సమోసాలు తెప్పించి సంతాపసభ జరిపేవారు. కొత్తగా చేరినవాళ్ళకి ఇదంతా పొగరులా కనిపించేది. హైమావతికీ మొదటి వారం అలాగే అనిపించింది. అప్పుడు ల్యాబు పెద్ద సన్యాసిరావు ఆమెను పక్కకి పిలిచి చెప్పాడు. "ఎవరిదో బతుకు నీ చేతిలో ఉన్నాదని తలుచుకున్నావంటే చెయ్యి వణుకుతాదమ్మా. చెయ్యి వణక్కుండా ఉండాలంటే నోరు ఆడుతుండాలి. అందుకే ఈ జోకులు. అంతకంటే ఏట్లేదు."

తెల్లబోర్డు మీద ఆయన చేత్తో రాసిన వాక్యం ఒకటి ఎప్పుడూ ఉండేది. ఎవరూ తుడిచేవారు కాదు. "పచ్చవి ముందు, ఎర్రవి చివర." డ్రైవు లోపలి పళ్ళెం గళ్ళుగళ్ళుగా తెరమీద కనబడుతుంది. బాగున్న గడి పచ్చగా, అరిగిన గడి ఎర్రగా ఉంటుంది. ఎర్రదాని మీదికి ముందే వెళ్ళావంటే ముల్లు అక్కడే ఇరుక్కుని, పచ్చవి కూడా పోతాయి. అందుకని బాగున్నవన్నీ ముందు తీసుకుని, దేవుడి మీద భారం వేసి ఎర్రవాటి జోలికి వెళ్ళాలి. ఈ పనిలో ఇంతకంటే పెద్ద సూత్రం లేదు.

ఆ మంగళవారం పొద్దున పదకొండింటికి వచ్చిన పేషెంట్ సన్యాసిరావే.

మెట్లు తనే ఎక్కి వచ్చాడు. మొలకి కట్టుకున్న సబ్బుపెట్టెంత పెట్టెలోంచి టిక్కు టిక్కుమని వినబడుతూనే ఉంది. గుమ్మంలో నిలబడి, ఫిరోజ్ వైపు చూసి, "ఏటిరా, టీ చెప్పవా? పేషెంట్ వచ్చాడు," అన్నాడు. ఫిరోజ్ ఆ ల్యాబులో హైమ తరవాత చేరినవాడు, నోరు ఊరుకోనివాడు. ఆ క్షణం మాత్రం లేచి తన కుర్చీ ఆయన వైపుకి జరిపాడు.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. సన్యాసిరావుకి యాభై నాలుగో ఏట మరపు జబ్బు మొదలైంది. మెదడు గోడకి పెచ్చులూడినట్టు ఒక్కో సంగతీ రాలిపోయే జబ్బు. ఆయన, ఒక డాక్టరమ్మ, ఇద్దరు ఇంజనీర్లు కలిసి చేసిందే గుర్తుపెట్టె. జ్ఞాపకాలు ఇంకా రాలకముందే వాటి అలల్ని పళ్ళెం మీదికి ఎక్కించుకుంటుంది. తరవాత మనిషి ఏదైనా తలుచుకోగానే చెవి వెనక తీగలోంచి దాన్ని అందిస్తుంది. చిప్పులు ఆ అలల్ని పట్టుకోలేకపోయాయి. పాతకాలపు తిరిగే పళ్ళెమే పట్టుకుంది. దానికున్న లోపం ఒక్కటే. తలుచుకున్నప్పుడల్లా ముల్లు అదే చోట దిగుతుంది కనుక, ఎక్కువ తలుచుకున్న చోటే ఎక్కువ అరుగుతుంది.

దానికీ విరుగుడు ఉంది. ఆర్నెల్లకోసారి పళ్ళెం మొత్తాన్ని కొత్త పళ్ళెం మీదికి దింపుకోవాలి. ఆరు గంటల పని. ఆ ఆరు గంటలూ పెట్టె ఆపాలి. సన్యాసిరావు మూడేళ్ళలో ఒక్కసారి కూడా దింపుకోలేదు. ఊరందరికీ బ్యాకప్ తీసుకోండని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న మనిషి, తన వంతు వచ్చేసరికి వచ్చేవారం చూద్దాం, పండగ వెళ్ళనీ, అని దాటేసేవాడు. హైమ ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. ఒక్కసారి మాత్రం ఆయన నిజం చెప్పాడు.

"ఆరు గంటలు ఆపితే, ఆ ఆరు గంటలూ తన్మయి నాకు ఉండదమ్మా," అన్నాడు.

తన్మయి ఆయన కూతురు. తొమ్మిదేళ్ళ పిల్ల, పదకొండేళ్ళ కిందట విషజ్వరంతో నాలుగు రోజుల్లో పోయింది. ఆ జవాబు విన్నాక హైమ మళ్ళీ గట్టిగా అడగలేకపోయింది. అడగవలసింది. అడగనందుకు తనని తాను ఈనాటికీ తిట్టుకుంటుంది.

పక్క గదిలో ఆయన్ని పడుకోబెట్టి, పెట్టె చేసిన ఆ డాక్టరమ్మే వచ్చి మత్తిచ్చింది. మందు ఎక్కేముందు ఆయన హైమ చెయ్యి పట్టుకుని, "జోకులు ఆపకండి. నాకు వినబడకపోయినా సరే," అన్నాడు.

వరండాలో ఆయన భార్య నూకరత్నం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో సంచి, సంచిలో ఫ్లాస్కు. పెట్టె పట్టుకుని లోపలికి వెళుతున్న హైమని ఆపింది.

"పాప ముందు వస్తాదా అమ్మా?"

"అన్నీ వస్తాయి పిన్నీ."

"అన్నీ రాకపోయినా పర్లేదు. పాపని ముందు తీస్తారేమోనని అడుగుతున్నాను."

"ఏది ఎక్కడుందో మాకు తెలీదు పిన్నీ. గళ్ళు కనబడతాయి, లోపలేముందో కనబడదు," అంది హైమ. అది నిజమే. కానీ పూర్తి నిజం కాదు.

పూర్తి నిజం పావుగంటలో తెరమీదికి వచ్చింది. పచ్చటి గళ్ళ మధ్యలో, ఒకే ఒక్క చోట, అరచేతంత ఎర్రటి మచ్చ. ప్రతి గడి పక్కనా దాన్ని ఎన్నిసార్లు పిలిచారో అంకె ఉంటుంది. పచ్చవాటి పక్కన పది, ఇరవై, వంద. ఎర్రవాటి పక్కన నలభై మూడు వేల చిల్లర. హైమ మనసులో భాగించి చూసింది. మూడేళ్ళు, రోజుకి నలభై సార్లు. రోజుకి నలభై సార్లు ఒక మనిషి దేన్ని తలుచుకుంటాడు?

ఫిరోజ్ కూడా చూశాడు. చూసి, టీ గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా, ఎర్రవాటి దగ్గర మొదలెడదామా?"

"బోర్డు మీద ఏం రాసుంది?"

"రాసినాయనే లోపల పడుకున్నాడు కదా."

"పడుకున్నాడు కాబట్టే. ఎర్రవాటి మీద ముల్లు ఇరుక్కుందంటే ఆయన పేరు కూడా ఆయనకి మిగలదు. పెళ్ళాం ఎవరో తెలీదు. అన్నం ఎలా తినాలో తెలీదు. పచ్చవి ముందు."

వాడు తీగలు కలపడం మొదలెట్టాడు. ఆమె చెప్పింది తప్పు కాదు. ఏ ల్యాబులో ఎవర్ని అడిగినా అదే చెబుతారు. కానీ ఆ మాట అంటున్నప్పుడు వరండాలోని కుర్చీ ఆమెకి గుర్తుంది. గుర్తుండే అంది.

నాలుగు గంటలు పచ్చవి తీశారు. ఫిరోజ్ జోకులు వేస్తూనే ఉన్నాడు. సార్ ఇంటర్మీడియట్ మార్కులు కూడా బయటపడతాయేమో, పరువు పోతుంది జాగ్రత్త అన్నాడు. ఈ గడిలో పిన్నిగారికి చెప్పని సంగతులేవో ఉన్నట్టున్నాయి, తాపీగా తిరుగుతోంది అన్నాడు. హైమ నవ్వింది. చెయ్యి వణకలేదు. నూటికి తొంభై ఏడు పాళ్ళు కొత్త పళ్ళెం మీదికి చేరాయి. అంత బాగా ఏ పేషెంటూ ఎప్పుడూ దక్కలేదు.

తరవాత ఎర్రటి మచ్చ మీదికి వెళ్ళారు. ముల్లు దిగింది. టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది. ఆ తరవాత చప్పుడు లేదు.

ఫిరోజ్ నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. వాడి దగ్గర జోకు అయిపోవడం హైమ చూడటం అదే మొదటిసారి.

సాయంత్రం అయిదింటికి సన్యాసిరావు కళ్ళు తెరిచాడు. తన పేరు చెప్పాడు, తారీఖు చెప్పాడు, ల్యాబు మొదలెట్టినప్పుడు కొన్న మొదటి స్క్రూడ్రైవరు రంగు చెప్పాడు. "సమోసాలు తెప్పించేశారా, కాస్త ఆగారా?" అని అడిగాడు. డాక్టరమ్మ నవ్వుతూ చప్పట్లు కొట్టింది. నూకరత్నం మంచం పక్కకి వచ్చి, ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఏటలాగ చూస్తున్నావు?" అన్నాడాయన.

"ఏట్లేదు. ఇంటికెళ్ళాక పాప ఫోటోకి దణ్ణం పెట్టుకుందారి," అంది.

"ఏ పాప?"

ఆయన మర్యాదగా, మామూలుగా అడిగాడు. పక్కింటివాళ్ళ పిల్ల గురించి అడిగినట్టు అడిగాడు. నూకరత్నం హైమ వైపు చూడలేదు. చూసుంటే బాగుండేదని హైమకి తరవాత చాలాసార్లు అనిపించింది.

పది రోజుల తరవాత, కొత్త పెట్టె ఎలా పనిచేస్తోందో చూడటానికి హైమ వాళ్ళింటికి వెళ్ళింది. మర్రిపాలెంలో రైల్వే క్వార్టర్ల అవతల చిన్న ఇల్లు. నాలుగు దాటింది. సన్యాసిరావు కులాసాగా ఉన్నాడు, ల్యాబు కబుర్లన్నీ అడిగాడు. గోడమీద దండ వేసిన ఫోటో అలాగే ఉంది. దానిగురించి ఆయనకి చెప్పారట. నీకో కూతురుండేది, పోయింది అని డాక్టరమ్మ చెబితే, ఆయన పాపం అన్నాడట. ఆ తరవాత మళ్ళీ అడగలేదట. చెబితే తెలిసే సంగతి కాదది. దాన్ని ఎవరో చెప్పిన సంగతిలాగానే ఆయన ఉంచుకున్నాడు.

నాలుగుంపావుకి ఆయన మాటల మధ్యలో లేచాడు. చెప్పులేసుకుని గేటు దగ్గరికి వెళ్ళి, గొళ్ళెం తీసి, ఒక చెయ్యి గేటు మీద వేసి వీధి చివరికి చూస్తూ నిలబడ్డాడు. పసుపుపచ్చ బడి వ్యాను ఒకటి మలుపు తిరిగి, ఆగకుండా వెళ్ళిపోయింది. ఆయన ఇంకాసేపు నిలబడి, గొళ్ళెం పెట్టి లోపలికి వచ్చాడు.

"ఎందుకెళ్ళారు సార్?" అంది హైమ.

"ఏమోనమ్మా. గాలికేమో," అన్నాడు. తన పెట్టెలో లేని సంగతిని తన కాళ్ళు ఎలా గుర్తుపెట్టుకున్నాయో ఆయనకేం తెలుసు. కాళ్ళదీ చేతులదీ వేరే జ్ఞాపకం. దాన్ని ఆ జబ్బు తాకదు, ఏ పెట్టే ఎక్కించుకోదు.

తరవాత కమలాపండు వలిచాడు. ఒక్కో తొన మీదా తెల్లటి పీచు గోటితో తీసి, తొనని చీల్చి, గింజలు తీసేసి, చిన్న స్టీలు పళ్ళెంలో వరసగా పేర్చాడు. పేర్చి, బల్ల మీద ఎవరూ లేని వైపుకి జరిపాడు. ఆ ఇంట్లో ఎవరూ అలా తినరు. ఆయనా ముట్టుకోలేదు, టీవీ పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో దెయ్యం ఉంది, కానీ అది చచ్చిపోయిన పిల్ల కాదు. బతికున్న తండ్రే ఆ ఇంట్లో తెలియకుండా తిరుగుతున్నాడు.

వంటింట్లో నూకరత్నం ఆ తొనలు తెచ్చి గిన్నెలో వేసింది.

"రోజూ ఇంతేనమ్మా. పారెయ్యబుద్ధి కాదు, తినబుద్ధి కాదు."

"తప్పు నాది పిన్నీ. మీరు అడిగారు. ఎర్రవే పాప అని నాకు అనుమానం వచ్చింది. వచ్చినా పచ్చవే ముందు తీశాను."

నూకరత్నం కొళాయి తిప్పి చేతులు కడుక్కుంది. చీరకొంగుతో తుడుచుకుంటూ అంది. "నీ తప్పు నీకు తెలుసు. నా తప్పు వింటావా? పాప పోయాక నాను తలుచుకోడం మానేశాను. తలుచుకుంటే అన్నం దిగేది కాదు. ఆయన తలుచుకుంటాడు కదా, ఆయన దగ్గర ఉంటాది కదా అనుకున్నాను. ఏదైనా కావలిస్తే ఆయన్నడిగేదాన్ని. పాపకి మొదట ఊడిన పన్ను ఏదండీ అంటే చెప్పేవాడు. ఇప్పుడు దాని గొంతు నాకు గుర్తురావట్లేదు హైమా. ఎంత తవ్వుకున్నా రావట్లేదు."

హైమ ఇలాంటివాళ్ళని వందలమందిని చూసింది. ఒకే చోట పెట్టి, ఉందిలే అనుకున్న జనమే అందరూ. తను కూడా, తన నిర్ణయమంతా బోర్డు మీది ఒక్క వాక్యంలో పెట్టుకుని.

మర్నాడు మధ్యాహ్నం ఆమె పాత గుర్తుపెట్టెలోని చచ్చిన డ్రైవుని పాలిథిన్ సంచిలో చుట్టి, గాలి పోయేలా నొక్కి, ల్యాబు ఫ్రిజ్జులో పెరుగు డబ్బా పక్కన పెట్టింది. ఫిరోజ్ చూశాడు. నవ్వలేదు. చీటీ మీద "తినరాదు" అని రాసి సంచికి అంటించాడు. వాడి వంతు ప్రార్థన అది.

రెండు రోజులయ్యాక బయటికి తీశారు. మంచు తుడిచి, తీగలు కలిపి, నేరుగా ఎర్రటి మచ్చ మీదికి పంపారు. ముల్లు వదిలింది. పళ్ళెం తిరిగింది. ఎవరూ జోకు వెయ్యలేదు, హైమ చేతులు గడగడా వణికాయి. ఒక గడి బయటికి వచ్చి తెరమీద పచ్చగా మారింది. రెండో దాని మీదికి వెళ్ళబోతూ ముల్లు పళ్ళేన్ని గీసేసింది. గీరుకున్న చప్పుడు వినగానే ఇద్దరికీ తెలిసిపోయింది, ఇక ఏ ఫ్రిజ్జూ పనికిరాదని.

దక్కింది పదకొండు సెకన్ల జ్ఞాపకం.

దాన్ని ఆయన పెట్టెలో వెయ్యాలా వద్దా అన్నది హైమ నిర్ణయించలేదు. ఒకసారి నిర్ణయించింది చాలు. వెళ్ళి నూకరత్నాన్ని అడిగింది. అందులో ఏముందో తెలీదు పిన్నీ, జ్వరం నాటిదే కావచ్చు, ఆఖరి రోజుదే కావచ్చు, అంది. నూకరత్నం గోడమీది ఫోటో వైపు చూసి, "ఏదైనా సరే. అది ఆయన పిల్ల," అంది.

పెట్టె ఆపకుండానే ఒక్క గడిని ఎక్కించవచ్చు, కానీ ఎక్కించాక బయట నకలు మిగలదు, మళ్ళీ దింపాలంటే పెట్టె ఆపాల్సిందే. అయిదు నిమిషాలు పట్టింది. సన్యాసిరావు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందు కనుబొమలు ముడిచాడు. తరవాత తన కుడి అరచెయ్యి తిప్పి, దానివైపు వింతగా చూసుకున్నాడు.

"ఎవరో పిల్ల," అన్నాడు మెల్లిగా. "నా చేతిలో కమలాపండు గింజ ఉమ్మింది. తొనలో గింజ వదిలేశానని కోపం. 'నాన్నా, నువ్వు మోసం' అంటన్నాది."

"గొంతు ఎలా ఉంది?" అని నూకరత్నం అడిగింది.

"బొంగురుగా ఉంది. జలుబు చేసిన పిల్లలాగ."

నూకరత్నం నేలమీద కూలబడి ఏడ్చింది. పదకొండేళ్ళుగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. సన్యాసిరావు కంగారుపడి లేచి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "ఏటయింది? మనకి తెలిసిన పిల్లా?" అని అడిగాడు.

నాలుగు నెలలు గడిచాయి. హైమ పెట్టె నంబర్లు చూడటానికి వెళ్ళింది. తెర తెరవగానే కనబడింది. పచ్చటి గళ్ళ మధ్యలో ఒకే ఒక్క గడి, పసుపుపచ్చగా, అంచుల్లో ఎర్రబారుతూ ఉంది. పక్కన అంకె పన్నెండు వేలు దాటింది. రోజుకి వందసార్లు. తలుచుకోడానికి ఆయనకి ఉన్నది అదొక్కటే. ఎన్నో గళ్ళు పంచుకోవాల్సిన అరుగుదలంతా ఒకే చోట పడుతోంది.

"సార్, ఇది దింపుకోవాలి. ఈసారి దాటెయ్యడానికి లేదు," అంది.

ఆయన నవ్వాడు. మూడేళ్ళ కిందటి నవ్వే. "వచ్చేవారం చూద్దాంలేమ్మా."

"వచ్చేవారం ఉండదు సార్."

నవ్వు పోయింది. ఆయన అరచేతిని గుప్పిట మూశాడు. "ఆరు గంటలు ఆపాలి కదా. ఆ ఆరు గంటలూ ఆ పిల్ల ఎక్కడుంటాది? ఒక్కర్తీ ఉంటాది కదమ్మా. అది నా కూతురని మీరంతా చెప్పారు. నాకు నిజంగా తెలీదు. కానీ దాన్ని ఒక్కర్తినీ వదిలెయ్యమంటే నాకు కాళ్ళు ఆడట్లేదు."

ల్యాబులో నేర్చుకున్న పాఠం ప్రకారం అప్పుడో జోకు వెయ్యాలి. వంటింటి గుమ్మంలోంచి నూకరత్నం వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, మూసిన గుప్పిటని తన రెండు చేతులతో పట్టుకుంది.

"నా దగ్గర ఉంటాది," అంది. "ఆ ఆరు గంటలూ నాను తలుచుకుంటాను. ఒక్క నిమిషం కూడా వదల్ను. మీరు రండి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "గింజ సంగతి మర్చిపోకూడదు."

"మర్చిపోను."

"బొంగురు గొంతు."

"బొంగురు గొంతు. నాన్నా, నువ్వు మోసం. నాకు తెలుసు, రండి."

బుధవారం పొద్దున ఆయన మెట్లెక్కి వచ్చాడు. డాక్టరమ్మ మత్తిచ్చింది. వరండాలో అదే ప్లాస్టిక్ కుర్చీలో నూకరత్నం కూర్చుంది. సంచిలో ఫ్లాస్కు బదులు కమలాపళ్ళు. ఒకటి తీసి వలవడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావట్లేదు. ఎవరో పేషెంట్ తాలూకు మనిషి వచ్చి టైమెంతయిందమ్మా అని అడిగితే, తల ఎత్తకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

హైమ లోపలికి వచ్చి తలుపు వేసింది. తెల్లబోర్డు దగ్గరికి వెళ్ళి, పదిహేనేళ్ళ అక్షరాల్ని అరచేత్తో తుడిచింది. కొన్ని పూర్తిగా పోలేదు.

"టీ చెప్పనా అక్కా?" అన్నాడు ఫిరోజ్.

"చెప్పు," అంది హైమ. పెట్టె ఆపి, అంచులెర్రబారిన గడితో మొదలుపెట్టింది.